ఉమ్మడి మోడలింగ్ పద్ధతులు: ఆర్కిటెక్చర్ బృందం దేనితో మొదలుపెట్టాలి, ఎలా సాధన చేయాలి?

మణికొండ_మేడ

మాది అప్పుల మంజూరు, వాయిదాల వసూలు, ఖాతాల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్. మూడు బృందాలు మూడు భాగాలను తయారు చేస్తాయి, వాటి మధ్య హద్దులు ఎక్కడ ఉండాలో మా ఆర్కిటెక్చర్ బృందం నిర్ణయిస్తుంది. ఆచరణలో మాలో ఒకరిద్దరు కూర్చుని బొమ్మలు గీస్తారు, సమావేశంలో చూపిస్తారు, అందరూ బాగుందంటారు, ఆ తర్వాత ఒక్కొక్క బృందం ఆ బొమ్మను తనకు తోచినట్టు అర్థం చేసుకుని కోడ్ రాసుకుంటుంది. గడువుకు ముందే అప్పు తీర్చేసిన వ్యక్తికి కూడా వాయిదా కట్టమని సందేశాలు వెళ్లడం వంటి సమస్యలన్నీ ఇక్కడి నుంచే పుడుతున్నాయి.

వ్యాపారం ఎలా నడుస్తుందో చూపే నమూనాను, అంటే మోడల్‌ను, అందరూ కలిసి కూర్చుని తయారు చేసుకునే పద్ధతులు నేర్పిస్తామని యాజమాన్యం ఒక శిక్షణ ఏర్పాటు చేసింది. శిక్షకుడు బాగానే చెప్పాడు, గోడంతా నారింజ రంగు కాగితాలు అంటించాం, కానీ ఆ గోడ ఫొటోలను ఆ తర్వాత ఎవరూ తెరవలేదు. ఇప్పుడు రాబోయే నెలలకు ఒక అభ్యాస ప్రణాళిక తయారు చేయమని నన్ను అడిగారు. ఈవెంట్‌స్టార్మింగ్, డొమైన్ స్టోరీటెల్లింగ్, ఎగ్జాంపుల్ మ్యాపింగ్ అనే మూడింటిలో దేనితో మొదలుపెట్టాలి? సాధన మా సొంత వ్యవస్థ మీదే చేయాలా, లేక వేరే ఉదాహరణ తీసుకోవాలా? నిజంగా ఆచరణలో పెట్టినవారు చెబితే మేలు.

గోదారి_గట్టు

ఈవెంట్‌స్టార్మింగ్‌తోనే మొదలుపెట్టండి, అయితే దానిలోని పెద్ద చిత్రం స్థాయితో మాత్రమే. ఆల్బెర్టో బ్రాండొలీని 2013లో పరిచయం చేసిన ఈ పద్ధతిలో మూడు స్థాయిలు ఉన్నాయి: మొత్తం వ్యాపారాన్ని చూసేది, ఒక ప్రక్రియను చూసేది, సాఫ్ట్‌వేర్ రూపకల్పనకు దిగేది. శిక్షణల్లో మూడింటినీ ఒకేసారి నేర్పేస్తారు. రంగులు గుర్తుంటాయి కానీ ఏ రంగు ఎందుకు అవసరమైందో గుర్తుండదు.

మొదటి స్థాయికి దాదాపు ఒక్క రంగు చాలు. "అప్పు మంజూరైంది", "వాయిదా గడువు దాటింది" అన్నట్టు జరిగిపోయిన సంఘటనను భూతకాలంలో నారింజ కాగితం మీద రాసి కాలక్రమంలో ఎడమ నుంచి కుడికి అంటించాలి. ముందుగా ఎవరికి తోచినవి వారు రాస్తారు, ఆ తర్వాత అందరూ కలిసి వాటిని వరుసలో పెడతారు. ఈ రెండో దశలోనే అసలు చదువు ఉంది, ఎందుకంటే ఒకే సంఘటన రెండు చోట్ల కనిపించినప్పుడు "ఇది ముందా, అది ముందా" అన్న వాదన తప్పనిసరిగా వస్తుంది. తేలని వాదనను కొట్టొచ్చే గులాబీ రంగు కాగితం మీద రాసి అక్కడే అంటించి ముందుకు సాగాలి. మీ శిక్షణ గోడ మీద అలాంటి గులాబీ కాగితాలు ఎన్ని ఉన్నాయో ఒకసారి ఫొటోల్లో చూడండి. అవే మీ ప్రణాళికకు ముడిసరుకు.

పరీక్షల_పద్మ

గోదారి_గట్టు గారితో నేను ఏకీభవించలేను. పెద్ద చిత్రం కోసం అన్ని విభాగాల వారినీ ఒక గదిలో చేర్చాలి, గోడ పొడవునా కాగితం పరచాలి, దాదాపు రోజంతా కేటాయించాలి. కొత్తగా నేర్చుకుంటున్న బృందానికి ఇది ఏడాదిలో ఎన్నిసార్లు సాధ్యమవుతుంది? నైపుణ్యం తరచుగా చేసే పని వల్ల వస్తుంది. అందుకే నా ఓటు ఎగ్జాంపుల్ మ్యాపింగ్‌కు.

మ్యాట్ విన్ చెప్పిన ఈ పద్ధతిలో నాలుగు రంగుల కార్డులు ఉంటాయి. కథకు (అంటే సాఫ్ట్‌వేర్ వాడేవారికి కావలసిన ఒక చిన్న పనికి) పసుపు, నియమానికి నీలం, ఆ నియమాన్ని చూపించే ఉదాహరణకు ఆకుపచ్చ, జవాబు లేని ప్రశ్నకు ఎరుపు. ఒక కథకు ఇరవై అయిదు నిమిషాలకు మించి తీసుకోకూడదు. ఆ సమయంలో బల్ల మీద ఎరుపు కార్డులు నిండిపోతే ఆ కథ ఇంకా కోడ్‌కు సిద్ధంగా లేదని, నీలం కార్డులు ఎక్కువైతే కథను ముక్కలు చేయాలని అర్థం. ఒక డెవలపర్, ఒక టెస్టర్, వ్యాపారం తెలిసిన ఒక వ్యక్తి ఉంటే చాలు. ప్రతి వారం చేయవచ్చు, కాబట్టి నడిపించే బాధ్యత కూడా ఒక్కొక్కరికి ఒక్కొక్క వారం ఇవ్వవచ్చు.

గోదారి_గట్టు

పద్మ గారూ, తరచుదనం గురించి మీరు చెప్పింది నిజమే. కానీ ఎగ్జాంపుల్ మ్యాపింగ్ ఒక కథ లోపలికి చూస్తుంది. మణికొండ_మేడ గారి సమస్య మూడు బృందాల మధ్య హద్దుల గురించి. ఏ బృందమూ తన కథలో "అప్పు ముందే తీరిపోయింది" అన్న ఉదాహరణ రాయకపోతే, ఆకుపచ్చ కార్డులన్నీ సరిగ్గానే ఉన్నా తప్పుడు సందేశాలు వెళుతూనే ఉంటాయి.

హాంబర్గ్_తెలుగోడు

ఇది నేను పనిచేసే ఊరి పద్ధతి కావడం వల్ల కొంత పక్షపాతం ఉండవచ్చు, అయినా డొమైన్ స్టోరీటెల్లింగ్ గురించి ఎవరో ఒకరు చెప్పాలి. ఇక్కడి హాంబర్గ్‌లో స్టెఫాన్ హోఫర్, హెన్నింగ్ ష్వెంట్నర్ దీనికి ఇప్పటి రూపం ఇచ్చారు. పని చేసే వ్యక్తి తన పనిని కథగా చెబుతాడు, నడిపించేవారు ఆ కథను అప్పటికప్పుడు బొమ్మలుగా గీస్తారు. మనుషులకు, వ్యవస్థలకు ఒక గుర్తు, వాళ్లు చేతులు మార్చుకునే వస్తువులకు (దరఖాస్తు, రసీదు, నివేదిక వంటివి) మరొక గుర్తు, చేసే పనికి వరుస సంఖ్య ఉన్న బాణం. "దరఖాస్తుదారు పూరించిన దరఖాస్తును శాఖ గుమస్తాకు ఇస్తాడు" అన్నది ఒక వాక్యం, ఒక బాణం. చివరికి నడిపించినవారు ఒకటో అంకె నుంచి మొత్తం కథను తిరిగి చెబుతారు, చెప్పినవారు సరిదిద్దుతారు.

కొత్తవారికి ఇది అనుకూలం అనడానికి ప్రధాన కారణం, ఇందులో "ఒకవేళ అలా అయితే" అనే కొమ్మలు ఉండవు. ఒక బొమ్మలో ఒకే ఒక్క సందర్భం ఉంటుంది, మరొక సందర్భం ముఖ్యమైతే మరొక బొమ్మ గీస్తారు. ఆర్కిటెక్టులమైన మనం మొదటి నిమిషం నుంచే మినహాయింపుల్లోకి వెళ్లిపోతాం, అందువల్ల పని తెలిసినవారు మాట్లాడటం మానేస్తారు. ఈ పద్ధతి మన ఆ అలవాటుకు అడ్డుకట్ట వేస్తుంది. గీయడానికి ఈగాన్ అనే ఉచిత ఉపకరణం బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది.

మణికొండ_మేడ

ముగ్గురూ మూడు పద్ధతులు చెప్పారు, మూడూ సబబుగానే కనిపిస్తున్నాయి. ఒక విషయం ముందే చెప్పవలసింది. మా సాఫ్ట్‌వేర్ వాడేవారు ఖమ్మం, రాజమండ్రి, నంద్యాల వంటి ఊళ్లలోని శాఖల సిబ్బంది. శిక్షణ సమయంలో వాళ్లలో కొందరిని పిలిచాం. కాగితాల మీద అంతా ఇంగ్లీషులో రాశాం. ప్రాంతీయ మేనేజరు ఒక్కరే మాట్లాడారు, మిగిలినవారు చివరి దాకా కూర్చుని వెళ్లిపోయారు.

లెక్కల_లక్ష్మి

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాను. చిట్‌ఫండ్ కార్యాలయంలో చాలా కాలం లెక్కలు చూసి, ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ బృందానికి వ్యాపార నిపుణురాలిగా సహాయం చేస్తున్నాను. మీరు పిలిచిన ఆ శాఖ సిబ్బంది కుర్చీలో నేను కూర్చున్నాను కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

అలాంటి సమావేశంలో మాకు కనిపించేది ఇది: చదువుకున్న పిల్లలు చకచకా ఏదో రాసి గోడకు అంటిస్తారు, ఆ తర్వాత మా వైపు తిరిగి "ఇది సరేనా మేడం" అని అడుగుతారు. పక్కన మా పైఅధికారి ఉంటారు. సరేనంటాం. గోడ మీద ఉన్నది తప్పని తెలిసినా, దాన్ని ఇంగ్లీషులో ఖండించడం, అదీ పైఅధికారి ముందు ఖండించడం, చాలామందికి సాధ్యం కాదు. మా బృందం ఇప్పుడు చేసే పద్ధతిలో సంఘటనలు తెలుగులోనే రాస్తారు. "పాట ముగిసింది", "జామీను కాగితాలు అందాయి", "చీటీ సొమ్ము చేతికి ఇచ్చాం" అని నేనే రాస్తాను, నేనే అంటిస్తాను. పైఅధికారుల సమావేశం విడిగా పెడతారు. మార్పు మొదటి పూటలోనే కనిపించింది, ఎందుకంటే వసూళ్లకు తిరిగే కుర్రవాడు అంతవరకూ ఎవరికీ తెలియని విషయం చెప్పాడు: చందాదారు డబ్బు ఇచ్చిన రోజుకూ, రసీదు కంప్యూటర్‌లో నమోదయ్యే రోజుకూ మధ్య ఆదివారం వస్తే ఆలస్య రుసుము పడుతోంది.

సాధన కోసం వేరే ఉదాహరణ కావాలంటే చీటీని తీసుకోండి. మన వాళ్లలో చీటీ తెలియని ఇల్లు తక్కువ.

కోడ్_కాపరి

లక్ష్మి గారి సూచన చాలా విలువైనది. చీటీ చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఆర్కిటెక్చర్ బృందానికి కావలసిన చిక్కులన్నీ అందులో ఉన్నాయి. కొత్తగా చేరినవారితో నేను దీన్ని ఎలా వాడతానో వివరంగా రాస్తాను.

లక్ష రూపాయల చీటీ, ఇరవై మంది చందాదారులు, నెలకు అయిదు వేల చొప్పున ఇరవై నెలలు అనుకుందాం. ఒక నెల పాటలో ఒకరు ఇరవై అయిదు వేలు వదులుకోవడానికి సిద్ధపడి పాట పాడుకున్నారు. ఆయనకు డెబ్బై అయిదు వేలు వస్తాయి. వదులుకున్న మొత్తంలో నుంచి చీటీ నడిపే ఫోర్‌మన్ కమీషన్, చీటీ విలువలో అయిదు శాతం, అంటే అయిదు వేలు పోగా మిగిలిన ఇరవై వేలు ఇరవై మందికీ డివిడెండ్‌గా పంచితే తలా వెయ్యి. దాన్ని సర్దుబాటు చేసిన నెలలో కట్టవలసింది నాలుగు వేలే. ఈ లెక్క అందరికీ అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది, కాబట్టి మిగిలిన సమయమంతా పద్ధతి మీదే పెట్టవచ్చు.

ఇప్పుడు "చందాదారు చేరాడు" అన్న నారింజ కాగితం ఎక్కడ అంటించాలో అడుగుతాను. అమ్మకాల పాత్రలో ఉన్నవారు మొదటి వాయిదా కట్టిన క్షణం అంటారు. చట్టం చదివినవారు ఒప్పందం మీద సంతకం చేసిన క్షణం అంటారు. లెక్కల పాత్రలో ఉన్నవారు ఖాతా పుస్తకంలో పేరు ఎక్కిన క్షణం అంటారు. ముగ్గురూ తమ పనికి సంబంధించినంతవరకు సరిగ్గానే చెబుతున్నారు. ఒకే కాగితాన్ని మూడుగా చింపి మూడు సంఘటనలుగా రాసుకున్నప్పుడు, వాటి మధ్య బౌండెడ్ కాంటెక్స్ట్ (ఒక మాటకు ఒకే అర్థం ఉండే పరిధి) హద్దు దానంతట అదే బయటపడుతుంది. 2003లో ఎరిక్ ఎవాన్స్ చెప్పిన ఆ భావనను స్లైడ్లలో ఎంత వివరించినా అర్థం కానివారికి ఇక్కడ అర్థమవుతుంది.

అదే చీటీని పద్మ గారి పద్ధతికీ వాడవచ్చు. నీలం కార్డు: పాట పాడుకున్నవారు మిగిలిన వాయిదాలకు తగిన జామీను ఇచ్చాకే సొమ్ము ఇవ్వాలి. ఆకుపచ్చ కార్డు: రమణ ఇద్దరు ప్రభుత్వ ఉద్యోగుల జామీను ఇచ్చాడు, సొమ్ము అందింది. మరొక ఆకుపచ్చ కార్డు: సుజాత జామీను ఇవ్వలేకపోయింది, 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం ప్రకారం ఫోర్‌మన్ ఆ సొమ్మును బ్యాంకులో విడిగా జమ చేశాడు. ఎరుపు కార్డు: జామీనుదారు చీటీ ముగియకముందే పదవీ విరమణ చేస్తే మన వ్యవస్థకు ఎవరు చెబుతారు? ఈ ఎరుపు కార్డు దగ్గర గది మొత్తం నిశ్శబ్దమైపోతుంది, ఎందుకంటే జవాబు సాఫ్ట్‌వేర్‌లో లేదు, శాఖలో ఎవరో ఒకరి జ్ఞాపకంలో ఉంది.

రచ్చబండ_రాజు

మా ఇంట్లో అయితే మొదటి నెలలోనే పాట పాడేసే బావగారి కోసం విడిగా ఒక బౌండెడ్ కాంటెక్స్ట్ పెట్టాలి.

లెక్కల_లక్ష్మి

రాజు గారూ, మొదటి వాయిదా సొమ్మును ఫోర్‌మన్ తీసుకునే ఒప్పందాలు చాలా ఉన్నాయి. మీ బావగారు రెండో నెల దాకా ఆగవలసి వస్తుంది. నిజానికి ఇది కూడా కార్డు మీదకు ఎక్కవలసిన నియమమే.

కోడ్_కాపరి గారి లెక్కకు ఒక చేర్పు. కమీషన్ గరిష్ఠ పరిమితిని 2019 సవరణ అయిదు శాతం నుంచి ఏడు శాతానికి పెంచింది. పాత ఒప్పందాలు ఒక శాతంతో, కొత్తవి మరొక శాతంతో నడిచే కార్యాలయం ఊహించుకోండి. ఆ శాతాన్ని కోడ్‌లో ఒకే చోట స్థిరంగా రాసేసిన బృందానికి ఏమవుతుందో చర్చించడం కూడా మంచి సాధన.

విశాఖ_వీచిక

సాధనకు వేరే ఉదాహరణ తీసుకోవడం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. చీటీ లాంటి తెలిసిన విషయంతో సాధన చేసినప్పుడు గదిలో అందరూ నిపుణులే. అసలు పనిలో ఉండే కష్టం దానికి పూర్తిగా విరుద్ధం: తెలిసినవారు ఒకరిద్దరే, వారికి సమయం లేదు, వారు చెప్పేది సగమే అర్థమవుతుంది. ఆ కష్టాన్ని తీసేసి సాధన చేసినవారు అసలు సమావేశానికి వచ్చేసరికి మళ్లీ మొదటికి వస్తారు. సొంత వ్యవస్థలోనే ఒక చిన్న భాగాన్ని, ఉదాహరణకు ముందుగా తీర్చేసిన అప్పును మాత్రమే తీసుకుని మొదలుపెట్టడం మేలు.

కోడ్_కాపరి

వీచిక గారూ, మీరు చెప్పిన లోటు వాస్తవం. అయితే సొంత వ్యవస్థతో మొదలుపెడితే మరొక చిక్కు ఉంది. ప్రతి కాగితం వెనుక ఎవరో ఒకరు రాసిన కోడ్ ఉంటుంది, దాన్ని సమర్థించుకోవాలన్న తపన ఉంటుంది. పద్ధతిని గమనించే తీరిక ఎవరికీ ఉండదు. నేను చీటీకి ఒక్క పూట మాత్రమే ఇస్తాను, అదే వారంలో సొంత వ్యవస్థకు వస్తాం. ఇంకొక జాగ్రత్త ఏమిటంటే, చీటీ సాధనలో కూడా నిజంగా చిట్‌ఫండ్ కార్యాలయంలో పనిచేసిన ఒక్కరిని పిలుస్తాను. అప్పుడు మనకు తెలుసు అనుకున్నది ఎంత తక్కువో బయటపడుతుంది.

విశాఖ_వీచిక

ఆ చివరి షరతు ఉంటే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. మిగిలిన సగం అలాగే ఉంది.

పాత_కాపు

నేను ఈ రంగంలో చాలా ఏళ్లుగా ఉన్నాను. 1989లోనే కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ చిన్న కార్డుల మీద క్లాసు (ప్రోగ్రామ్‌లోని ఒక భాగం) పేరు, దాని బాధ్యతలు, దాని సహచరులు రాసుకుని బల్ల చుట్టూ కూర్చుని చర్చించే పద్ధతి చెప్పారు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌ను ప్రామాణిక గుర్తులతో గీసే యూఎంఎల్ వచ్చింది, దాని బొమ్మల కోసం ఖరీదైన ఉపకరణాలు వచ్చాయి. ఇప్పుడు రంగు కాగితాలు వచ్చాయి. మౌలికంగా కొత్తది ఏమిటో ఎవరైనా చెప్పగలరా? ఈ ప్రశ్న తీసిపారేయడానికి అడగడం లేదు, తెలుసుకోవడానికే అడుగుతున్నాను.

హాంబర్గ్_తెలుగోడు

పాత_కాపు గారూ, ఆ కార్డుల పద్ధతికీ వీటికీ బంధుత్వం ఉందన్నది నిజం. నాకు కనిపించే తేడా బల్ల చుట్టూ ఎవరు కూర్చున్నారన్నది. ఆ కార్డుల మీద క్లాసు పేర్లు ఉండేవి కాబట్టి ప్రోగ్రామర్లే మాట్లాడుకునేవారు. యూఎంఎల్ బొమ్మ చదవాలంటే ముందు ఆ గుర్తులు నేర్చుకోవాలి. "వాయిదా గడువు దాటింది" అన్న కాగితాన్ని లక్ష్మి గారు ఏ శిక్షణా లేకుండా రాయగలరు, తప్పయితే పీకేయగలరు. దానివల్ల నిర్ణయంలో ఆమెకు వాటా వస్తుంది.

గోదారి_గట్టు

దానికి ఇంకొకటి కలుపుతాను. సంస్థలోని మాటల దారులు ఎలా ఉంటే అది తయారు చేసే వ్యవస్థ కూడా అలాగే ఉంటుందని మెల్విన్ కాన్వే 1968లోనే రాశాడు. మూడు బృందాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా మధ్యలో ఆర్కిటెక్ట్ గీసిన బొమ్మ ద్వారానే మాట్లాడుకుంటే, వ్యవస్థలోనూ ఆ మూడు భాగాల మధ్య అంతే సన్నని, అంతే పెళుసైన సంబంధం ఉంటుంది. ఈ పద్ధతులు ఆ మాటల దారిని మార్చడానికి వచ్చాయి కాబట్టి వీటిని కేవలం బొమ్మలు గీసే పద్ధతులుగా నేర్పితే ఫలితం ఉండదు.

డల్లాస్_డైరీ

మా బృందం సగం హైదరాబాదులో, సగం ఇక్కడ టెక్సాస్‌లో ఉంటుంది. ఒకే గదిలో చేరడం కుదరదు. మిరో వంటి ఆన్‌లైన్ బోర్డు మీద పెద్ద ఈవెంట్‌స్టార్మింగ్ చేసినప్పుడు అందరూ ఒకేసారి రాస్తారు, కానీ పక్కవారు ఏం రాస్తున్నారో చూసి ఆగి అడిగే సందర్భం రాదు. గదిలో అయితే ఇద్దరు గోడ చివర నిలబడి వాదించుకుంటారు, మరొకరు విని వచ్చి కలుస్తారు. తెర మీద ఒకరు మాట్లాడితే మిగిలిన అందరూ వినవలసిందే.

అందువల్ల దూరం నుంచి పనిచేసేవారికి హాంబర్గ్_తెలుగోడు గారి పద్ధతి ఎక్కువ అనుకూలమని నా అనుభవం. ఒకరు చెబుతారు, ఒకరు గీస్తారు, మిగిలినవారు తెర మీద చూస్తారు. మా ఉదయం, మీ సాయంత్రం కలిసే ఆ రెండు గంటల్లో ఒక కథ హాయిగా పూర్తవుతుంది.

పరీక్షల_పద్మ

అసలు నేర్చుకోవలసిన నైపుణ్యం గురించి ఇంకా ఎవరూ రాయలేదు, అది సమావేశాన్ని నడిపించడం. మూడు పద్ధతుల్లో ఏది ఎంచుకున్నా నడిపించేవారు సరిగ్గా లేకపోతే గట్టిగా మాట్లాడేవారి అభిప్రాయమే మోడల్‌గా మిగులుతుంది. నేను పాటించేవి చెబుతాను.

మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా రాయమంటాను, దానివల్ల కొత్తగా చేరిన అమ్మాయి కాగితం కూడా చీఫ్ ఆర్కిటెక్ట్ కాగితం పక్కనే గోడ ఎక్కుతుంది. అభిప్రాయం అడిగేటప్పుడు అనుభవం తక్కువ ఉన్నవారి నుంచి మొదలుపెట్టి పెద్దవారి దగ్గర ముగిస్తాను. మన దగ్గర పెద్దవారు ఒక మాట అన్నాక దానికి ఎదురు చెప్పడం మర్యాద కాదన్న భావన బలంగా ఉంది, ఆ మర్యాదను చెడగొట్టనవసరం లేకుండా వరుసను మార్చితే సరిపోతుంది. నడిపించేవారు విషయం మీద తమ అభిప్రాయం చెప్పకూడదు. చెప్పక తప్పకపోతే చేతిలోని మార్కరు పక్కవారికి ఇచ్చి, "ఇప్పుడు నేను బృంద సభ్యురాలిగా మాట్లాడుతున్నాను" అని చెప్పి మాట్లాడాలి. ఇద్దరు కలిసి నడిపించడం ఇంకా మంచిది, ఒకరు గోడను చూస్తే మరొకరు ముఖాలను చూస్తారు.

మణికొండ_మేడ గారూ, మీ ఆర్కిటెక్టులకు ఇది అన్నిటికన్నా కష్టమైన పాఠం అవుతుంది. జవాబు తెలిసి కూడా అడగడం వారు అలవాటు చేసుకోవాలి.

రచ్చబండ_రాజు

కోఠిలో నాలుగు దుకాణాలు తిరిగితే పసుపు స్టికీ కాగితాలు తప్ప మరొక రంగు దొరకలేదు. చివరికి పసుపు కాగితాల మూలన రంగు పెన్సిళ్లతో చుక్కలు పెట్టుకున్నాం. సమావేశం బాగానే జరిగిందని మనవి, రంగుల కోసం ఎవరూ వాయిదా వేసుకోవద్దు.

విశాఖ_వీచిక

ఇప్పటివరకు చెప్పిన మూడు పద్ధతులూ వ్యాపారం ఎలా నడుస్తుందో చూపిస్తాయి. ఆర్కిటెక్చర్ బృందానికి అది సగం పనే. చీటీ పాట ఆన్‌లైన్‌లో జరుగుతోందనుకోండి. ఉదయం పదకొండింటికి పాట ముగుస్తుందంటే చివరి నిమిషంలోనే అందరూ బిడ్లు వేస్తారు. ఆ నిమిషంలో సర్వర్ ఆగిపోతే పాట చెల్లుతుందా? నారింజ కాగితాల వరుసలో "పాట ముగిసింది" అన్న ఒక్క కాగితం ఉంటుంది, దాని వెనుక ఉన్న ఈ ఒత్తిడి కనిపించదు.

దీనికి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సంస్థ రూపొందించిన నాణ్యతా లక్షణాల వర్క్‌షాప్ ఉంది. అది కూడా ఉమ్మడి పద్ధతే. ప్రతి అవసరాన్ని ఒక సన్నివేశంగా రాస్తారు: ఎవరి వల్ల ఏం జరిగింది, ఆ సమయంలో వ్యవస్థ ఏ స్థితిలో ఉంది, ఏ భాగం మీద ఒత్తిడి పడింది, అది ఎలా స్పందించాలి, ఆ స్పందనను దేనితో కొలవాలి. "వేగంగా ఉండాలి" అన్న మాట ఇక్కడ చెల్లదు, ఎంత సమయంలో అన్నది రాయాలి. తర్వాత అందరూ ఓట్లు వేసి ఏ సన్నివేశాలు ముఖ్యమో నిర్ణయిస్తారు. ఈవెంట్‌స్టార్మింగ్ గోడ మీద కీలక సంఘటనలు గుర్తించాక, ఒక్కొక్క దాని దగ్గర నిలబడి ఇలాంటి సన్నివేశాలు రాయడం మా బృందానికి బాగా పనికొచ్చింది.

మణికొండ_మేడ

నాణ్యత గురించి వీచిక గారు రాసింది మా శిక్షణలో పూర్తిగా లేదు. మరొక సందేహం: గోడ మీద ఉన్నదాన్ని ఆ తర్వాత ఏం చేయాలి? ఫొటో తీయడం సరిపోదని మాకు అర్థమైంది.

కోడ్_కాపరి

గోడను యథాతథంగా భద్రపరచాలన్న ఆశ వదులుకోండి. గదిలో ఉన్నవారికే అది అర్థమవుతుంది, లేనివారికి రంగు కాగితాల గుంపే. అక్కడ నుంచి తీసుకోవలసినవి వేరే ఉన్నాయి. హద్దులు తేలితే, ఏ భాగం దేని మీద ఆధారపడుతోందో చూపే కాంటెక్స్ట్ మ్యాప్ ఒకటి గీయండి. మీ అప్పుల మంజూరు భాగం సిబిల్ నివేదిక మీద ఆధారపడుతుంది, ఆ నివేదిక ఆకృతిని మీరు మార్చలేరు, కాబట్టి దాని పదజాలం మీ లోపలికి రాకుండా మధ్యలో ఒక అనువాద పొర పెట్టాలని ఆ మ్యాప్ గుర్తు చేస్తుంది. వ్యవస్థ నిర్మాణాన్ని సైమన్ బ్రౌన్ చెప్పిన సీ4 పద్ధతిలో, అంటే మొత్తం వ్యవస్థ నుంచి లోపలి భాగాలకు స్థాయిల వారీగా దిగుతూ గీయండి, నాలుగు స్థాయిలు ఉన్నా మొదటి రెండు చాలా బృందాలకు సరిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం నిర్ణయాలు. మైకేల్ నైగార్డ్ 2011లో సూచించిన నిర్ణయ పత్రం ఒకటి రెండు పేజీలకు మించదు: అప్పటి పరిస్థితి, తీసుకున్న నిర్ణయం, దాని స్థితి, దాని పర్యవసానాలు. దాన్ని కోడ్ ఉన్న చోటే ఉంచండి. "అప్పు ముగిసిందని ఖాతాల భాగమే ప్రకటించాలి, వసూళ్ల భాగం ఆ ప్రకటన విని సందేశాలు ఆపాలి" అన్న నిర్ణయం అలా రాసి ఉంటే, రేపు కొత్తగా చేరినవారికి ఆ గోడ చూడవలసిన అవసరమే ఉండదు.

పాత_కాపు

హాంబర్గ్_తెలుగోడు గారి జవాబు నాకు నచ్చింది. అయితే నిర్ణయ పత్రంలో పర్యవసానాల భాగం రాసేటప్పుడు చెడు పర్యవసానాలను కూడా రాయమని బృందాన్ని పట్టుబట్టి అడగండి. నేను చూసిన పత్రాల్లో లాభాలే ఎక్కువగా ఉంటాయి, అలాంటి పత్రం కొన్నేళ్ల తర్వాత చదివేవారికి ఉపయోగపడదు.

మణికొండ_మేడ

అందరి సూచనలు చూశాక ప్రణాళికను ఇలా మార్చుకుంటున్నాను. ముందుగా చీటీ మీద ఒక పూట సాధన, అందులో చిట్‌ఫండ్ కార్యాలయంలో పనిచేసిన ఒకరు తప్పకుండా ఉంటారు. ఆ వారంలోనే గడువుకు ముందు తీర్చేసిన అప్పు ఒక్కదాన్నే తీసుకుని, శాఖ ఉద్యోగి చెప్పగా తెలుగులో డొమైన్ స్టోరీటెల్లింగ్ చేస్తాం. ఇక్కడ గోదారి_గట్టు గారి సలహాను కొంత వాయిదా వేస్తున్నాను, ఎందుకంటే మా శాఖలు దూరంగా ఉన్నాయి, అందరినీ ఒక గదిలో చేర్చే అవకాశం త్రైమాసికానికి ఒకసారే వస్తుంది. ఆ అవకాశం వచ్చినప్పుడు పెద్ద చిత్రం చేసి, కీలక సంఘటనల దగ్గర వీచిక గారు చెప్పిన సన్నివేశాలు రాస్తాం. ఈలోగా మూడు బృందాలూ ప్రతి వారం ఎగ్జాంపుల్ మ్యాపింగ్ చేస్తాయి, దాన్ని ఆర్కిటెక్టులు వంతులవారీగా నడిపిస్తారు. ఏ సమావేశమూ కనీసం ఒక నిర్ణయ పత్రమో, యజమాని పేరున్న ప్రశ్నల జాబితానో లేకుండా ముగియకూడదన్నది నియమం.

గోదారి_గట్టు

వాయిదా సమంజసమే. పెద్ద చిత్రం చేసే రోజున గదిలో నుంచి కుర్చీలు తీసేయించండి. కూర్చున్నవారు రాయరు.

పరీక్షల_పద్మ

పెద్దవారికీ, మోకాళ్ల నొప్పులు ఉన్నవారికీ కుర్చీలు ఉంచండి, గోడకు దగ్గరగా వేయండి.

లెక్కల_లక్ష్మి

ఒక్క విన్నపం. వసూళ్ల సిబ్బందిని నెల మొదటి పది రోజుల్లో పిలవకండి. ఆ రోజుల్లో వాళ్ల మనసంతా వాయిదాల మీదే ఉంటుంది, ఏది అడిగినా త్వరగా ముగించి వెళ్లిపోవాలని చూస్తారు. కథ గీసిన తర్వాత ఆ బొమ్మను తెలుగు వాక్యాలతో సహా అచ్చు తీసి శాఖకు పంపండి. సమావేశంలో నోరు విప్పనివారు కూడా కాగితం మీద పెన్సిల్‌తో దిద్ది పంపిస్తారు.

మణికొండ_మేడ

మొదటి సమావేశాన్ని పదిహేనో తేదీ తర్వాతకు మారుస్తున్నాను. అచ్చు ప్రతుల బాధ్యత ఖమ్మం శాఖతో మాట్లాడి ఒకరికి అప్పగిస్తాను.

హాంబర్గ్_తెలుగోడు

ఈగాన్‌లో గీసిన కథను చిత్రంగా కూడా దింపుకోవచ్చు. బాణాల మీద తెలుగు అక్షరాలు సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో సమావేశానికి ముందే ఒక చిన్న కథతో మీ కంప్యూటర్‌లో పరీక్షించుకోండి, పొడవైన మాటలు ఉంటే బొమ్మల మధ్య ఎడం కొంచెం ఎక్కువ ఉంచవలసి వస్తుంది.